పైన తీగే కాదు, కింద పట్టా కూడా

నాన్నా,

ట్రైనింగ్ అయిపోయి రైల్వేలో ఓవర్‌హెడ్ లైన్ పనిలో, అంటే రైలింజన్‌కి పైనుంచి కరెంటు ఇచ్చే తీగల పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ వినిపించింది. ఆ తీగల్ని మోసే మాస్టుల (స్తంభాల) కింద తిరిగే నా జుట్టు నెరిసింది కదా, అందుకే ఈ ఉత్తరం.

25 వేల వోల్టులంటే మొదట్లో అందరికీ గుండె దడే. అంత ఎందుకో ఒకసారి లెక్క వేసి చూడు. ఒక ఇంజన్ 5,000 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. 25 కేవీలో (25 వేల వోల్టుల్లో) అది దాదాపు 200 ఆంపియర్లు. అదే బండి పాతకాలపు 1,500 వోల్టుల డీసీ లైన్లో నడిస్తే 3,300 దాటుతుంది. అందుకే అక్కడ తీగలు లావుగా ఉంటాయి, కొద్ది కిలోమీటర్లకో సబ్‌స్టేషన్ కావాలి. మనకు చిటికెన వేలంత రాగి తీగ చాలు, సబ్‌స్టేషన్ల మధ్య 40, 50 కిలోమీటర్లున్నా బండి నడుస్తుంది.

సబ్‌స్టేషన్లో గ్రిడ్ నుంచి వచ్చే మూడు ఫేజుల్లో (మూడు కరెంటు తీగల్లో) రెండింటిని మాత్రమే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తారు. భారమంతా ఒకే జంట మీద పడకూడదని పక్క సబ్‌స్టేషన్‌కి వేరే జంట ఇస్తారు. ఆ రెండు కరెంట్లూ కలవకూడదు కాబట్టి మధ్యలో న్యూట్రల్ సెక్షన్ పెడతారు. అది కరెంటు లేని చిన్న ముక్క. డ్రైవర్ ముందే ఇంజన్ బ్రేకర్ తెరిచి (కరెంటు ఆపి), ఊపు మీద దాన్ని దాటి, మళ్లీ వేసుకుంటాడు. అక్కడ డ్రైవర్‌ని హెచ్చరించే బోర్డు మురికి పట్టినా, కొమ్మ అడ్డొచ్చినా చూసీచూడనట్టు వెళ్లకు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్తగా వచ్చినవాళ్లందరూ పైకే చూస్తారు. తీగలోంచి ఇంజన్లోకి వెళ్లిన కరెంటు సబ్‌స్టేషన్‌కి తిరిగి వెళ్లాలి కదా? ఆ దారి నీ కాళ్ల కింద ఉంది. చక్రాల్లోంచి పట్టాలోకి దిగుతుంది, కొంత భూమిలోకీ పోతుంది. ఈ దారి తెగకుండా పట్టా ముక్కల్ని కలిపే బాండ్లూ, మాస్టుల్ని పట్టాకి కలిపే బాండ్లూ చూడటానికి తుప్పు పట్టిన ఇనుప ముక్కల్లా ఉంటాయి. నేను చేరిన కొత్తలో ఒకచోట పట్టా మార్చడానికి బాండ్ విప్పారు. ఆ కాసేపు కరెంటుకి దారిగా ఉండే తాత్కాలిక జంపర్ తీగ వేయడం మరిచారు. ఎక్కడో దూరంగా బండి కదిలింది. విప్పిన చోట నీలం మెరుపు మెరిసింది, ఒకతని చేతిలో స్పానర్ ఎగిరి పడింది. మనిషికి ఏమీ కాలేదు గానీ, ఆ రోజంతా ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. అప్పట్నుంచీ ముందు జంపర్, తర్వాతే బాండ్ మీద చెయ్యి.

పవర్ బ్లాక్ తీసుకున్నాక, అంటే పని కోసం లైన్లో కరెంటు ఆపించాక కూడా తీగ చచ్చిందని అనుకోవద్దు. పక్క లైన్లో కరెంటు పారుతుంటే దాని ప్రేరణ (ఇండక్షన్) వల్ల ఆపేసిన తీగలోనూ మనిషిని పడగొట్టేంత వోల్టేజీ పుడుతుంది. పని మొదలుపెట్టొచ్చని రాసిచ్చే పర్మిట్ కాగితం చేతికొచ్చేదాకా ఎదురు చూడు. తర్వాత తీగలో మిగిలిన కరెంటుని భూమిలోకి పంపే డిశ్చార్జ్ రాడ్ క్లాంపుని ముందు కింద ఎర్త్ చోట బిగించు, ఆ తర్వాతే కొక్కెం తీగకి తగిలించు. తీసేటప్పుడు ముందు కొక్కెం, ఆఖర్న క్లాంపు. పని చోటుకి ఒక పక్కే రాడ్ వేసి, ఐదు నిమిషాల పనే కదా అనేవాడు ఎంత సీనియర్ అయినా సరే, నువ్వు నిచ్చెన ఎక్కొద్దు. వాడు నవ్వితే నవ్వనీ.

మిగతావి పనిలో వస్తాయి. తీగని పట్టాల నడిమికి తిన్నగా కాకుండా 20 సెంటీమీటర్లు ఇటూ అటూ లాగి కట్టేది ఇంజన్ మీద తీగని తాకి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ మీద కార్బన్ పట్టీ ఒకేచోట అరిగిపోకుండా ఉండటానికి. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి తీగకి కరెంటు ఇచ్చే లైను) ఒకసారి ట్రిప్ అయి, అంటే దానంతటదే ఆగి, మళ్లీ వేశాక నిలబడితే చాలాసార్లు అది పిట్టో కొమ్మో. మళ్లీ మళ్లీ ట్రిప్ అయితే సెక్షన్లు విడదీసి వెతకాలి, నిద్ర సంగతి మరిచిపో.

ఒక్క పని చేసిపెట్టు. తీగని బిగువుగా ఉంచడానికి కప్పీలకి వేలాడే బరువులు ఉంటాయి చూడు, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని పొద్దున ఎంత ఎత్తులో ఉందో, మధ్యాహ్నం ఎండకి ఎంత దిగిందో రాసుకో. 750 మీటర్ల రాగి తీగ 40 డిగ్రీల తేడాకి అర మీటరు సాగుతుంది. కప్పీ 3:1 అయితే, అంటే తీగ ఒక వంతు సాగితే బరువు మూడు వంతులు కదిలేదైతే, బరువు ఒకటిన్నర మీటరు దిగాలి. ఎండ ముదిరినా అది కదలకపోతే కప్పీ పట్టేసిందన్నమాట. వెంటనే పైవాళ్లకి చెప్పు, నాకు కూడా రాయి.

మీ పెదనాన్న