పొద్దువాలే వేళ పరీక్ష పడితే

అమ్మలూ,

నీ విమానం నడిపే పరీక్ష, ఆ ఫ్లైట్ టెస్టు వచ్చే వారమేనని, మధ్యాహ్నం మూడున్నరకి రమ్మన్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మూడున్నర అంటే మూడున్నరకి ఎగరడం కాదు. ఎగ్జామినర్ గారు కాగితాలు చూడాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి. నీకంటే ముందున్న అబ్బాయి ఇంకా దిగి ఉండడు. డిసెంబరు మొదట్లో మన హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గుంకుతుంది. అందుకే లెక్క వెనక నుంచి వెయ్యి. 5:10కల్లా ఇంజన్ ఆపెయ్యాలి, గాల్లో గంటన్నర అనుకో, 3:40కి విమానం కదలాలి. నాలుగు దాటితే, "సార్, వెలుతురు చాలదేమో, రేపు పొద్దున పెట్టుకుందామా" అని నువ్వే అడుగు.

నేను అడగలేదు. నా టెస్టు కూడా బేగంపేట ఎయిర్‌పోర్టులోనే, ఇలాంటి చలికాలంలోనే. ఐదింటికి గానీ టేకాఫ్ కాలేదు. అడిగితే పిరికివాడనుకుంటారని నోరు మెదపలేదు. స్టాల్స్ (రెక్కలకి గాలి పట్టు తప్పించి మళ్ళీ సర్దుకోవడం), స్టీప్ టర్న్స్ (బాగా వంచి తిప్పడం) బాగానే అయ్యాయి. పైన రెక్కల మీద ఇంకా ఎండ పడుతోంది, టైముందిలే అనుకున్నాను. ఎత్తున ఉన్నవాడికి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడని చదువుకున్నదే, ఆ పూట గుర్తు రాలేదు. ఎగ్జామినర్ గారు థ్రాటిల్ వెనక్కి లాగి, ఇంజన్ పవర్ తగ్గించేసి, "ఇంజన్ పోయింది, దిగు" అన్నారు. మాది సెస్నా 152, రెండు సీట్ల చిన్న విమానం. స్పీడు 60 నాట్లకి తెచ్చుకుని, కింద చదునుగా, పచ్చగా కనిపించిన చేను ఎంచుకున్నాను. ఐదొందల అడుగుల దగ్గర ఆయన పవర్ ఇచ్చి, "ఆ చేలో ఏం పంట వేశారయ్యా?" అని అడిగారు. పంట కాదమ్మా, గుర్రపుడెక్క. చెరువంతా కమ్మేసి ఉంది. ఫెయిల్.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రాత్రి అన్నం తినలేదు.

కాబట్టి రెక్క మీది ఎండ చూసి టైము కొలవకు, కింద చెట్ల నీడలు చూడు. నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, రోడ్డు మీద బండ్లు లైట్లు వేసుకున్నాయంటే, కరెంటు తీగలు, పొలం గట్లు నీకిక కనపడవు. అందుకే వెలుతురు ఉన్నప్పుడే, వేరే ఎక్సర్‌సైజ్ చేస్తూనే, పనికొచ్చే పొలం ఒకటి కంటితో పట్టి ఉంచుకో. తీగలున్నాయో లేవో తెలియకపోతే ఆ మాట పైకే చెప్పు. చూడలేకపోవడం తప్పు కాదు, చూసినట్టు నటించడం తప్పు.

ఇక ల్యాండింగ్. రన్‌వే 27 మీద, అంటే పడమరకి తిరిగి దిగాల్సి వస్తే సూర్యుడు ఎదురుగా, ఈ నెలల్లో కాస్త ఎడమగా ఉంటాడు. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వే పక్కగా ఎదురు దిక్కుకి వెళ్ళేటప్పుడు, వీపు వెనక ఉంటాడు కాబట్టి అంతా హాయిగా కనిపిస్తుంది, ఫైనల్‌కి, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా, తిరగగానే అద్దమంతా తెల్లబడిపోతుంది. అద్దం మీది దుమ్మే సగం శత్రువు. బయల్దేరే ముందు తడి మెత్తగుడ్డతో పైనుంచి కిందికి తుడువు, గుండ్రంగా రుద్దకు. పొద్దు గుంకాక ఇంకో చిక్కు: రన్‌వే గరుకుదనం కంటికి ఆనదు, ఎత్తు అంచనా తప్పుతుంది. ముక్కు ముందు చూడకుండా రన్‌వే చివరకి చూపు పెట్టు. నచ్చకపోతే గో అరౌండ్, దిగకుండా మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగిరా, మొహమాటం లేకుండా. హుస్సేన్ సాగర్ పక్కనే కదా, కొంగలూ గద్దలూ గూళ్ళకి చేరే వేళా అదే.

కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ చూశావా, మళ్ళీ మొదటికే. ప్యానెల్ లైట్లు తగ్గించుకో. ఎర్ర టార్చి మాత్రం తీసుకెళ్ళకు, దాని వెలుగులో మ్యాప్ మీది ఎర్ర గీతలు మాయమైపోతాయి.

చిన్న తెల్ల టార్చి ఒకటి నా దగ్గరుంది, కొత్త బ్యాటరీలు వేయించి పెట్టాను. ఆదివారం తార్నాక వచ్చి తీసుకెళ్ళు. మీ పెద్దమ్మ పెసరట్లు వేస్తానంటోంది.

మీ పెదనాన్న