ట్రావెల్ క్రియేటర్ల సమ్మిట్‌కి వెళ్ళాలా? వెళ్ళండి, రేట్లు అడగడానికి

రాజమండ్రి నుంచి ట్రావెల్ వీడియోలు చేస్తున్న ఒకమ్మాయి ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "ఆడవాళ్ళ కోసం పెట్టే ట్రావెల్ క్రియేటర్ల సమ్మిట్‌లకు వెళ్తే నిజంగా తోడు దొరుకుతుందా, పనిలో ఎదుగుతామా, లేక టికెట్ డబ్బులు దండగా?"

దండగ కాదు, వెళ్ళండి. కానీ వాళ్ళు పోస్టర్ మీద వేసే కారణాల కోసం మాత్రం వెళ్ళొద్దు.

నేనుండేది అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో. ఈ చుట్టుపక్కల ఊళ్ళ గురించి తెలుగులో రాస్తుంటాను, వీడియోలు పెడుతుంటాను. 2019లో దగ్గర్లోనే ఉన్న మెయిన్ రాష్ట్రంలో, పోర్ట్‌ల్యాండ్‌లో విట్స్ జరిగింది. విమెన్ ఇన్ ట్రావెల్ సమ్మిట్ అన్నమాట. బెత్ శాంటోస్ అనే ఆవిడ మొదలుపెట్టిన వాండర్‌ఫుల్ (Wanderful) అనే సంస్థ దీన్ని 2014లో షికాగోలో మొదటిసారి పెట్టింది, ఆ తర్వాత మిల్వాకీ, క్యుబెక్ సిటీ అంటూ ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో పెడుతూ వచ్చింది. బాస్టన్ నార్త్ స్టేషన్‌లో డౌన్‌ఈస్టర్ రైలెక్కితే రెండున్నర గంటల్లో పోర్ట్‌ల్యాండ్, ఇంత దగ్గరికి వచ్చినప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడు వెళ్తాను అనిపించింది. మా ఆయన "పోర్ట్‌ల్యాండ్ అంటే అటు పడమటి చివర ఒరెగాన్‌లో ఉన్నది కదా, విమానం టికెట్ ఎంతవుతుంది" అని కంగారుపడ్డాడు. తెనాలి నుంచి ఫోన్‌లో మా అమ్మ "ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని తిరుగుళ్ళ గురించి మాట్లాడుకోవడానికి ఎదురు డబ్బులు కట్టాలా?" అంది. అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే, సగం మంది వక్తల మాటలు విన్నాక నాకూ అదే అనిపించింది.

ఎందుకంటే వేదిక మీద చెప్పేవి చాలావరకు మనకు తెలిసినవే. మీ గొంతు మీరు వెతుక్కోండి, నిజాయితీగా ఉండండి, అల్గారిదమ్ గురించి టెన్షన్ పడకండి. ఇవన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైగా ఉద్యోగం వదిలేసి ప్రపంచం చుట్టిన కథ చెప్పే ప్రతి ఒక్కరి వెనకా ఒక భర్త జీతమో, అమ్మిన ఇల్లో ఉంటుంది, దాని గురించి మాత్రం స్లైడ్ ఉండదు. ఇది అన్ని సమ్మిట్‌లలోనూ ఉన్న రోగమే, మగవాళ్ళు ఎక్కువగా ఉండే చోట ఇంకా ఎక్కువ.

నాకు టికెట్ డబ్బులు తిరిగొచ్చింది ఒక సాయంత్రం, హోటల్ లాబీలో. మే నెలే అయినా బయట సముద్రం మీంచి చలిగాలి కొడుతుంటే ఓల్డ్ పోర్ట్ వీధుల్లో తిరగాల్సినవాళ్ళంతా లోపలే ఉండిపోయారు. ఒక గుండ్రటి బల్ల చుట్టూ ఏడెనిమిది మందిమి చేరాం. ఒహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్, టెక్సాస్‌లో నర్సుగా పనిచేస్తూ రాసే ఫిలిప్పీన్స్ ఆవిడ, ఒక బ్రెజిల్ ఆవిడ, ఇంకా పాతికేళ్ళు కూడా లేని ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి సూట్‌కేసుల కంపెనీ ఒకటి కాంట్రాక్ట్ పంపింది, మూడు వందల డాలర్లు, నాలుగు ఫొటోలు. చాలా సంబరంగా ఫోన్ చూపించింది. నర్సు ఆవిడ ఫోన్ తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్ళతో తెరని పెద్దది చేస్తూ చదువుతూ పోయి ఒక చోట ఆగిపోయింది. ఆ ఫొటోలను ఎప్పటికీ, ప్రపంచంలో ఎక్కడైనా, ఏ మాధ్యమంలోనైనా వాడుకునే హక్కు కంపెనీదే అని ఉంది అక్కడ. గోరుతో ఆ వాక్యం మీద టకటకా కొట్టి ఇటు తిప్పింది.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఒహాయో టీచర్ పాఠం చెప్పినట్టే చెప్పింది: నీ ఫొటో నీ పేజీలో పెట్టడానికి ఒక రేటు, అదే ఫొటోని వాళ్ళు ప్రకటనగా వాడుకుంటే ఇంకో రేటు, ఎన్నాళ్ళు వాడుకుంటారో దాన్ని బట్టి ఆ రేటు పెరుగుతుంది, నీ ముఖం ఎయిర్‌పోర్టులో హోర్డింగ్ మీద కనిపించినా వీళ్ళు నీకు పైసా ఇవ్వక్కర్లేదు, ఇక్కడ సంతకం పెడితే. అక్కడితో ఆగలేదు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఫోన్లు తీసి తాము పంపిన ఇన్వాయిస్‌లు చూపించడం మొదలుపెట్టారు. ఎవరికి ఎంత ఫాలోయింగ్, ఎవరు ఎంత అడిగారు, ఎవరికి ఎంత వచ్చింది, అన్నీ. దాదాపు ఒకే సంఖ్యలో ఫాలోయర్లు ఉన్న ఇద్దరు ఒకే రకం పనికి అడిగిన డబ్బులో నాలుగింతల తేడా ఉంది. తక్కువ అడిగినావిడ ముఖం చూడలేకపోయాను.

తర్వాత ఆ అమ్మాయి చేత అక్కడే, ఆ బల్ల దగ్గరే జవాబు రాయించారు. వాడుకునే హక్కు ఆరు నెలలకే, మీ సైట్‌లోనూ మీ సోషల్ మీడియాలోనూ మాత్రమే, డబ్బు ఇంత. ఒక మాట ఒకావిడ చెప్తే ఇంకొకావిడ కొట్టేయించింది, ముఖ్యంగా "మీకు ఇబ్బంది లేకపోతే" అనే మాటని. పంపే ముందు ఆ అమ్మాయి చెయ్యి వణకడం నేను చూశాను. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఎగురుకుంటూ వచ్చింది, కంపెనీ ఒప్పుకుంది, ఆరు నెలలకి, డబ్బు కూడా పెంచి. అంతేనా, వాళ్ళు బేరం కూడా ఆడలేదట! అంటే మొదటి నుంచీ ఇవ్వగలిగే డబ్బే, అడగలేదు కాబట్టి ఇవ్వలేదు.

ఇది మగవాళ్ళు ఉన్న సమ్మిట్‌లో జరగదా అంటే, జరగదని నేను గట్టిగా చెప్తాను. కలిసి కూర్చున్నా మగవాళ్ళు కెమెరా లెన్సుల గురించి మాట్లాడుకుంటారు, లేకపోతే వ్యూస్ గురించి. ఎంత వచ్చిందని అడిగితే నవ్వి ఊరుకుంటారు. మీరు ఒప్పుకోకపోవచ్చు, నేను చూసింది ఇదే.

ఇక అమెరికాలో ఉన్న మన తెలుగు ఆడవాళ్ళకి ఇంకో సంగతి, ఇది ఏ స్టేజీ మీదా వినలేదు. హెచ్4 వీసా, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది, దాని మీద ఉన్నవాళ్ళకి మామూలుగా పని చేసే అనుమతి లేదు. 2015 మేలో వచ్చిన రూల్ వల్ల కొందరికే, అంటే భర్త గ్రీన్ కార్డు కోసం పెట్టిన ఐ-140 దరఖాస్తుకి ఆమోదం వచ్చినవాళ్ళకో, భర్త హెచ్1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉన్నవాళ్ళకో, పని చేసుకోనిచ్చే ఈఏడీ కార్డు తెచ్చుకునే వీలుంది. నాకు అలాగే వచ్చింది. అది లేనివాళ్ళు "డబ్బు తీసుకోవట్లేదు కదా, ఉచితంగా రెండు రాత్రుల గది ఇచ్చారు, నేను పోస్ట్ పెట్టాను, అంతే" అనుకుంటారు. మా లాయర్ అయితే పోస్టుకి బదులుగా ఇచ్చిన గది కూడా పనికి ఇచ్చిన ప్రతిఫలంగా చూసే ప్రమాదం ఉందని ముందే హెచ్చరించాడు. ఆ బల్ల దగ్గర ఉన్న బ్రెజిల్ ఆవిడ భర్త కూడా హెచ్1బీనే, ఆవిడా కార్డు కోసం ఎదురుచూస్తోంది. మేమిద్దరం ఆ రాత్రి ట్రావెల్ గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు, వీసా కాగితాల గురించే. తర్వాత ఆవిడ పెట్టిన వాట్సాప్ గ్రూపు 2020లో కోవిడ్ వచ్చి ప్రయాణాలు, సమ్మిట్‌లు అన్నీ ఆగిపోయినప్పుడు కూడా నడిచింది. కమ్యూనిటీ దొరుకుతుందా అని అడిగారు కదా, నాకు దొరికింది అదే, అక్కడ ఫొటోలు దిగిన వందల మందిలో ఎవరి పేరూ ఇప్పుడు గుర్తు లేదు.

భోజనం సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. శాకాహారం అని ఫారంలో టిక్ పెడితే హమ్మస్, అంటే ఉడికించిన శనగల ముద్ద, లోపల పెట్టి చుట్టిన చపాతీ లాంటిది ఇస్తారు. ఏ ఊళ్ళో ఏ సమ్మిట్ అయినా అదే హమ్మస్. మెయిన్ అంటే లాబ్‌స్టర్ రాష్ట్రం, ఊరంతా లాబ్‌స్టర్ రోల్స్ తింటుంటే నేను వేయించిన బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాను. సమ్మిట్ అయ్యాక పోర్ట్‌ల్యాండ్ హెడ్ లైట్ చూడ్డానికి వెళ్ళాం, 1791లో మొదటిసారి వెలిగించిన లైట్‌హౌస్. గాలికి మైకులో ఒక్క మాట రికార్డ్ అవ్వలేదు కానీ వీడియో మాత్రం బాగా ఆడింది.

మన దగ్గరి సంగతి వేరే. మన తెలుగువాళ్ళ మహాసభల్లో ఒకదానికి ప్రయాణ రచన మీద ఒక సెషన్ పెడదామని అడిగితే, మహిళల కార్యక్రమాల కింద ముగ్గుల పోటీకీ వంటల పోటీకీ మధ్య ఇరవై నిమిషాలు ఇచ్చారు, అదీ మధ్యాహ్నం భోజనాల వేళ. అటు హైదరాబాద్‌లో ఒక క్రియేటర్ల మీట్‌కి మా ఆడపడుచు కూతురు వెళ్ళింది, విజయవాడ పిల్ల, మారేడుమిల్లి, అరకు, పాపికొండల వీడియోలు చేస్తుంది. టికెట్ కొనుక్కుని వెళ్తే స్పాన్సర్ బోర్డు ముందు ఫొటో తీసి, ఒక సంచి ఇచ్చి పంపించారట. "అత్తా, ఎవరితోనైనా మాట్లాడదామంటే మ్యూజిక్ అంత గట్టిగా పెట్టారు" అంది. అలాంటివాటికి వెళ్ళకండి. వెళ్ళే ముందు షెడ్యూల్ చూడండి, రెండు సెషన్ల మధ్య అరగంట ఖాళీ లేకపోతే అది జాతర. బ్రాండ్లతో ఒక్కొక్కరికీ విడిగా కూర్చుని మాట్లాడే సమయం ఇస్తున్నారా అనేది అడగండి, ఆ ఐదారు నిమిషాలే చాలామందికి మొదటి పని తెచ్చిపెడతాయి. వాలంటీర్‌గా చేస్తే టికెట్ తగ్గిస్తారేమో కూడా అడగండి, సిగ్గుపడొద్దు.

ఆ పిల్లకి నేను నేర్పింది పోర్ట్‌ల్యాండ్ బల్ల దగ్గర విన్నదే, దానికి ఇండియా లెక్కలు కలుపుకోవాల్సి వచ్చింది. అక్కడ 2022 జులై 1 నుంచి 194ఆర్ అనే సెక్షన్ వచ్చింది, ఏడాదిలో ఇరవై వేలు దాటిన ఉచితాల మీద ఇచ్చేవాళ్ళు పది శాతం టీడీఎస్, అంటే ముందుగానే కట్టే ఆదాయపు పన్ను, కట్టాలి. కంపెనీ ఇచ్చిన కెమెరా వీడియో అయ్యాక తిరిగి ఇచ్చేస్తే లెక్కలోకి రాదు, ఉంచుకుంటే వస్తుంది. రిసార్ట్‌వాళ్ళు "ఫ్రీ స్టే" అంటే ఆ ఫ్రీకి ఒక విలువ రాసి ఉంటుందన్నమాట. డబ్బు తీసుకుని చేసిన వీడియోకి ప్రకటన అని చెప్పాలని 2021లో ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ స్పష్టంగా చెప్పాయి, మనవాళ్ళలో ఎంతమంది పెడుతున్నారో మీరే చూడండి.

మీరు రాజమండ్రిలో ఉన్నారు కాబట్టి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, వీసా, విమానం ఖర్చుతో ఏడాది వీడియోలు తీయొచ్చు. మీలా చేసే ఇంకో నలుగురు ఆడపిల్లల్ని కాకినాడ, వైజాగ్, ఖమ్మం నుంచి పోగేయండి, ఒక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చోండి. ఫోన్లు బల్ల మీద పెట్టి ఎవరు ఎంత తీసుకుంటున్నారో చెప్పుకోండి, కాంట్రాక్టులు ఒకరివి ఒకరు చదవండి. ఆ తర్వాత కూడా పెద్ద సమ్మిట్‌కి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, అప్పుడు ఏం అడగాలో తెలిసి వెళ్తారు. మీరు పెడితే చెప్పండి, విజయవాడ పిల్లని పంపిస్తాను. దానికి ఇప్పుడు ఒక రిసార్ట్‌తో సరిగ్గా ఆ "ఎప్పటికీ" అనే మాట దగ్గరే పేచీ నడుస్తోంది.