సందేహాలు – సమాధానాలు: ‘కదిలే పనిబల్ల’ అనవచ్చా?

సందేహం: ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నవాళ్ల కోసం ఒక వ్యాసం రాశాను. ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లగలిగే పనిబల్లను సొంతంగా ఎలా తయారు చేసుకోవాలన్నది విషయం. దానికి ‘కదిలే పనిబల్ల’ అని పేరు పెట్టాను. చదివిన మిత్రుల్లో ఒకరు ‘కదిలించే పనిబల్ల’ అనాలన్నారు. మరొకరు ‘కదిలించబడే’ అంటేనే వ్యాకరణానికి సరిపోతుందన్నారు. ఏది ఒప్పు? లోపల కూడా ‘కాళ్లు పలకకు బిగించబడాలి’, ‘పలకలు రెండు పొరలుగా అతికించబడాలి’ లాంటి వాక్యాలు చాలా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచవచ్చా?

సమాధానం: మూడు పేర్లలో వ్యాకరణం తప్పనేది ఒక్కటీ లేదు. అయినా మూడింటిలో ఏదీ మీ వ్యాసానికి పనికిరాదు. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది మీరు పెట్టిన పేరుతోనే.

‘కదులు’ అకర్మక క్రియ. దానంతట అది జరిగే పనిని చెబుతుంది. ‘కదిలే రైలు ఎక్కకండి’ అంటాం, ఆ క్షణంలో రైలు నడుస్తోందని అర్థం. ‘కదిలే పన్ను’ అంటే నేడో రేపో ఊడేది. వస్తువు పక్కన ‘కదిలే’ చేర్చగానే మనకు తోచేవి ఈ రెండే: ఇప్పుడు కదులుతోంది, లేదా పట్టు తప్పి వదులైంది. ఇక బల్ల విషయంలో మొదటి అర్థానికి చోటే లేదు కనుక రెండోదే మిగులుతుంది. చిత్రిక పట్టేవాళ్లను, రంపంతో కోసేవాళ్లను అడిగి చూడండి, కదిలే బల్ల అంటే ముందు బాగుచేయించుకోవాల్సిన బల్ల అంటారు. మీరు నేర్పబోయేది పని చేసేటప్పుడు కదలని బల్లను. పేరేమో కదులుతుందని చెబుతోంది!

‘కదిలించే’ దగ్గర ఇబ్బంది వేరు. తెలుగులో ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం, తన పక్కనున్న నామంతో సంబంధమేమిటో పైకి చెప్పదు. తినే మనిషి, తినే అన్నం, తినే కంచం, తినే వేళ, అన్నిచోట్లా ‘తినే’ ఒక్కటే. తినేది మనిషి, తినబడేది అన్నం, తినడానికి ఆధారం కంచం. వీటిలో ఏది ఎలాంటిదో లోకజ్ఞానం వల్ల తెలుసుకుంటాం. కాబట్టి ‘కదిలించే బల్ల’ అంటే మనం కదిలించే బల్ల అని అర్థం చేసుకోవడానికి వ్యాకరణం అడ్డు రాదు. వాడుక అడ్డొస్తుంది. ఈ మధ్య ‘కదిలించే’ ఎక్కువగా మనసుల దగ్గరే వినిపిస్తోంది: కదిలించే కథ, కదిలించే ప్రసంగం. కదిలించే పనిబల్ల అన్నారంటే పాఠకుడు జేబురుమాలు తీసుకునే ప్రమాదం ఉంది. కదపడం, కదల్చడం, కదిలించడం మూడూ సకర్మకాలే (మరోదాని మీద చేసే పనిని చెప్పేవే) అయినా, వస్తువుల విషయంలో ఇళ్లలో వినిపించేది మొదటిది: ‘ఆ బల్ల కదపకు, రాసుకుంటున్నా.’

రెండో మిత్రుడి ‘కదిలించబడే’ ఈ చిక్కును తీర్చడానికి పుట్టింది. కదిపేవారు వేరు, కదిలేది బల్ల అని స్పష్టంగానే చెబుతుంది. అయితే తినే అన్నాన్ని తినబడే అన్నమని ఎవరూ అనరు, ఆ స్పష్టత ఇక్కడ ఎవరికీ అవసరం లేదు. లేని సందేహాన్ని తీర్చడానికి పలకలేని మాట ఎందుకు?

మరి ఏమనాలి? మీ బల్లను ఎలా తీసుకెళ్తారో చూసి దాన్నే పేరులో పెట్టండి. కాళ్లు లోపలికి ముడిస్తే పలకలా పట్టుకుపోయేదైతే అది మడతబల్ల. మడతమంచం, మడతకుర్చీ ఉండనే ఉన్నాయి, ఆ వరుసలో ఇదీ ఇమిడిపోతుంది. చక్రాలుంటే చక్రాల బల్ల. బోల్టులు ఊడదీసి కాళ్లు వేరు, పలక వేరు చేసేదైతే విడదీసే బల్ల. ఇక్కడ ‘విడదీసే’ కూడా ‘తినే అన్నం’ లాంటిదే, ఎవరికీ అపార్థం కలగదు. ఏ పద్ధతీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకుంటే ‘మోసుకెళ్లే పనిబల్ల’ చాలు. ‘పోర్టబుల్ పనిబల్ల’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ‘సంచార పనిబల్ల’ మాత్రం వద్దు, అది ఊళ్లు తిరిగి వచ్చేలా ఉంది.

ఇప్పుడు మీ ‘బడు’ వాక్యాలు. మడిచిపెట్టే పనిబల్లల్లో బాగా పేరున్నది వర్క్‌మేట్. దాని రూపకర్త రాన్ హిక్‌మన్, లోటస్ ఎలాన్ కారు రూపకల్పనలో ముఖ్యుడు. 1960ల మొదట్లో ఇంట్లో బీరువా లాంటిది చేసుకుంటూ ఒక ఖరీదైన కుర్చీని ఆధారంగా పెట్టుకుని చెక్క కోస్తుంటే, చెక్కతో పాటు కుర్చీ కూడా తెగింది. సరైన పనిబల్ల ఉండాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. తొలుత కంపెనీలు కాదన్న ఆ బల్లను 1970లలో బ్లాక్ అండ్ డెక్కర్ అమ్మకానికి పెట్టింది. ఈ కథను ఇక్కడికి తేవడానికి కారణం ‘కుర్చీ తెగింది’ అన్న మాట. కోసింది ఎవరో మనకు తెలుసు, అది కావాలని కోసింది కాదనీ తెలుసు. ‘తెగింది’ అనగానే రెండోదే ముందుకొస్తుంది. ‘కుర్చీని కోశాడు’ అంటే కావాలని చేసినట్టుంటుంది. ‘కుర్చీ కోయబడింది’ అంటే పోలీసు నివేదికలా ఉంటుంది.

కర్తను పక్కన పెట్టాలంటే ఇంగ్లీషువాళ్లు క్రియ రూపాన్ని మారుస్తారు. మనకు చాలా క్రియలకు జంట ఉంది: తెగు–తెంచు, వంగు–వంచు, దిగు–దించు, చీలు–చీల్చు, అతుకు–అతికించు. మర (స్క్రూ) కర్రలోకి దిగింది, మనం దించాం. ముందుగా బెజ్జం వేయకుండా అంచు దగ్గర మర దించితే కర్ర చీలుతుంది. ఈ వాక్యంలో చేసేవాళ్ల పేరు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పనిముట్ల దగ్గర ఎలా చెయ్యాలో చెప్పేటప్పుడు తెలుగు కర్తను వదిలేస్తుంది: ‘కాళ్లు పలకకు బిగించాలి.’ చదివేవారే చేసేవారు కనుక అయోమయం లేదు. అచేతన వస్తువులకు ‘ను’ కూడా తప్పనిసరి కాదు. ‘కాళ్లను బిగించాలి’ అన్నా, ‘కాళ్లు బిగించాలి’ అన్నా సరే.

‘బిగించబడాలి’తో ఇంకో నష్టం ఉంది. అది పనిని చెబుతోందో, పని అయ్యాక ఉండాల్సిన స్థితిని చెబుతోందో తెలియదు. విడదీసే బల్లకు ఈ తేడా చాలా ముఖ్యం. ముందు బోల్టులన్నీ చేత్తో తిరిగినంతవరకే బిగించాలి. మూలమట్టం పెట్టి కాలు పలకకు నిలువుగా ఉందని చూశాక, అప్పుడు స్పానర్‌తో గట్టిగా బిగించాలి. ఇది పని. వాడే ముందు ప్రతిసారీ బోల్టులు బిగిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇది స్థితి. తుప్పు పట్టి ఎటూ తిరక్కపోతే బోల్టు బిగుసుకుపోయింది అంటాం. ‘బిగించబడు’ ఒక్కటే పెట్టుకుంటే ఈ మూడూ ఒకే ముద్దలో కలిసిపోతాయి. అన్నట్టు, తరచూ విడదీసే చోట కర్రలోకి దించే మరల బదులు నట్టు, బోల్టు పెట్టమని మీరు రాసే ఉంటారు. మరను అదే బెజ్జంలో పదేపదే ఊడదీసి దించితే కర్ర అరిగి పట్టు పోతుంది.

మీరు అడగకపోయినా, శీర్షిక మారుస్తారు కనుక ఇదీ చెప్పాలి. ‘బల్ల కదలకూడదు’ అని రాసి వదిలేస్తే పాఠకుడికి సగమే అందుతుంది. కదలడంలో రకాలున్నాయి, ఒక్కోదానికి మనకు వేరే క్రియ ఉంది, ఒక్కోదానికి మందు వేరు.

చిత్రిక పడుతుంటే బల్ల మొత్తంగా నేల మీద ముందుకు పోతే అది జరుగుతోంది. బరువు చాలడం లేదన్నమాట. మోసుకెళ్లేందుకు తేలిగ్గా చేసిన బల్లకు ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. కింద ఒక అర పెట్టి పనిముట్ల పెట్టె దాని మీద ఉంచాలి, కాళ్లకు రబ్బరు అంటించాలి. పాదాలు నేల మీదే ఉండి పైభాగం అటూ ఇటూ పోతే అది ఊగుతోంది. బరువు పెంచితే ఇది తగ్గదు. రెండు కాళ్లు, పలక, అడ్డకర్ర కలిసిన చట్రం దీర్ఘచతురస్రం, దాని మూలలు వదులైతే వాలిపోతుంది. ఐమూలగా ఒక బద్ద కొడితే అది త్రిభుజాలుగా మారుతుంది. భుజాల పొడవు మారకుండా త్రిభుజం ఆకారం మార్చుకోలేదు. మడతబల్లల్లో ఈ బద్దను ఒక వైపు కీలుతో, మరో వైపు గడియతో పెట్టాల్సి వస్తుంది.

పలక అంచు కాళ్ల అవతలికి ఎక్కువగా వచ్చి, ఆ అంచు మీద బలం వేస్తే బల్ల ఒరుగుతుంది. పలక మధ్యలో దిగిపోతే కుంగుతోంది. ఇక్కడే మీ ‘అతికించబడాలి’ వాక్యం అసలు విలువ బయటపడుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు ఒకదాని మీద ఒకటి ఊరికే పేరిస్తే వంగకుండా నిలిచే శక్తి రెట్టింపు అవుతుంది, అంతే. జిగురుతో పూర్తిగా అతికిస్తే, 36 మిల్లీమీటర్ల ఒకే పలక అయినట్టే కనుక, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ‘పేర్చాలి’, ‘అతికించాలి’ అన్న రెండు క్రియల మధ్య అంత దూరం ఉంది. పాఠకుడి చూపు ఆ క్రియ మీదే నిలవాలి. దాని వెనక ‘బడాలి’ తగిలిస్తే చూపు తోక మీదికి పోతుంది.

ఇక ‘కోయండి’, ‘కోయాలి’, ‘కోసుకోవాలి’లలో ఏది ఎక్కడ అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. వ్యాసంలో మూడూ వాడవచ్చు, కలిపి వాడవచ్చు కూడా. ‘కొను’ చేరిన రూపం తర్వాతి పనికి ముందస్తుగా చేసి ఉంచుకునేదానికి బాగా సరిపోతుంది: గీత గీసుకోవాలి, బెజ్జాలు వేసుకోవాలి, కాళ్లు కోసి పెట్టుకోవాలి. అసలు బిగింపు దగ్గరికి వచ్చేసరికి ‘బిగించాలి’ అంటే చాలు. ప్రతి క్రియకూ ‘కో’ తగిలిస్తే వినడానికి విసుగ్గా ఉంటుంది.

మీ వ్యాసంలో ఎత్తు గురించి ఉండే పేరాను నేనైతే ఇలా రాస్తాను: ‘నిటారుగా నిలబడి చేతులు కిందికి వదలండి. మణికట్టు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చిత్రిక పని ఎక్కువగా చేసేవారికి బల్ల ఆ ఎత్తులో ఉంటే నడుము మీద భారం పడదు. ఆ కొలతలోంచి పైపలక మందం తీసేస్తే మిగిలేది కాలి పొడవు. నాలుగు కాళ్ల మీదా ఆ పొడవుకు గీత గీసుకోండి. రంపాన్ని గీత మీద పెట్టకండి, పారేయబోయే ముక్క వైపు గీతకు ఆనించి కోయండి. గీత మీదే కోస్తే రంపం మందంలో కొంత మేరకు కాలు పొట్టిదవుతుంది. నాలుగూ కోశాక పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఏదైనా పొడవుగా ఉంటే ఇప్పుడే సరిచేయండి, బిగించాక చేయడం కష్టం.’

ఇందులో ‘బిగించబడు’లో లాంటి ‘బడు’ ఒక్కచోట కూడా రాలేదు. ‘నిలబడి’లో ఉన్నది ఆ ‘బడు’ కాదు. నిలబడు, కనబడు, వెనకబడు లాంటివి వాడుకలో స్థిరపడిన మాటలు, వాటిని చూసి భయపడి తీసేయకండి.