శ్రీశైలం ఘాట్‌కు ఏ ఇంజను మేలు?

నమస్కారమండీ. పదిహేను వందల కిలోల క్యారవాన్ ట్రైలర్‌ను హైదరాబాద్ నుంచి శ్రీశైలం లాక్కెళ్లడానికి 1.9 లీటర్ల ఇసుజు వి-క్రాస్ పికప్ సరిపోతుందా, 2.8 లీటర్ల టొయోటా హైలక్స్ కావాలా అని అడిగారు. నేనైతే హైలక్స్ తీసుకోమంటాను, అదీ ఆటోమేటిక్.

హార్స్‌పవర్ అంకె చూసి తేల్చుకోకండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందే టార్క్, అంటే తిప్పే బలం, ముఖ్యం. వి-క్రాస్‌లో గరిష్ఠ టార్క్ 360 న్యూటన్ మీటర్లు, అది 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది. హైలక్స్ ఆటోమేటిక్‌లో 1600 దగ్గరే 500. మాన్యువల్‌లో 420 మాత్రమే. ఆనకట్ట దాటాక ఎత్తు మలుపులో ముందున్న బస్సు ఆగిందనుకోండి. అంత బరువుతో మళ్లీ కదలాలంటే మాన్యువల్‌లో క్లచ్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ఆనకట్టకు ముందు దోమలపెంట నుంచి ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఏ ఇంజనూ ఒంటరిగా కాపాడదు. చిన్న గేరులో దిగండి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే దయచేసి ఆ ప్రయాణం పెట్టుకోకండి.

మీరు చెప్పిన బరువు ఖాళీ ట్రైలర్‌దా? వంద లీటర్ల నీళ్లే వంద కిలోలు. సామాను నింపి వేబ్రిడ్జి మీద తూయించండి, ఆ అంకెను బండితో ఇచ్చిన పుస్తకంలోని లాగుడు పరిమితితో పోల్చండి. బండి కొక్కెం మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే ట్రైలర్ తోకలా ఊగుతుంది.