ముందు చేత్తో కలిపి చూడు, తర్వాతే స్క్రిప్ట్

చిట్టితల్లీ,

హామ్ రేడియో మీద కంప్యూటర్లతో మెయిల్ పంపుకునే మన ప్యాకెట్ రేడియో కోసం నువ్వు రాసి పంపిన స్క్రిప్టూ (ఏ స్టేషన్‌ని ఎలా పిలవాలో మెషిన్‌కి చెప్పే కమాండ్ల వరుస), అది నడిచిన చిట్టా, అంటే లాగ్, రెండూ కూర్చుని చదివాను. స్క్రిప్ట్‌లో అక్షరం తప్పు లేదు. కానీ రాత్రంతా అది కొండమీది నోడ్‌ని, అంటే మన పిలుపుని ముందుకు అందించే స్టేషన్‌ని, పిలుస్తూనే ఉంది, ఒక్కసారీ కలవలేదు, పొద్దున లేచి చూసేదాకా నీకు ఆ సంగతే తెలియదు. 145.01 మెగాహెర్ట్జ్ మీద మనమొక్కళ్లమే లేం కదమ్మా. 1200 బాడ్ వేగంలో (సెకనుకి 1200 బిట్లు) 256 బైట్ల నిండు ప్యాకెట్ ఒకటి వెళ్లడానికే దాదాపు రెండు సెకన్లు పడుతుంది, ఆ సమయంలో నీ మాట వినపడే ప్రతి స్టేషనూ ఆగి ఉండాలి. అందుకని స్క్రిప్ట్ రాసేటప్పుడు ఎలా కలవాలి అన్నదానికంటే, కలవకపోతే ఎక్కడ ఆగాలి అన్నది ముందు ఆలోచించు.

ముందు ఆటో ఫార్వర్డింగ్ (మెయిల్‌ని మెషినే తనంతట తాను పంపడం) ఆపేయి. టెర్మినల్ తెరిచి, మామూలు మనిషి చేసినట్టు ఒక్కో కమాండూ నువ్వే కొట్టు. పక్కన కాగితం పెట్టుకుని, కమాండ్ కొట్టిన టైమూ జవాబు వచ్చిన టైమూ రాసుకో, వచ్చిన జవాబుని ఉన్నదున్నట్టు కాపీ చెయ్యి. ఇది ఎందుకంటే స్క్రిప్ట్‌కి కళ్లు లేవు, అది కొన్ని మాటల కోసమే చూస్తుంది. బీపీక్యూ సాఫ్ట్‌వేర్‌తో నడిచే నోడ్ ‘కనెక్టెడ్ టు’ అంటుంది, పాత కాంట్రానిక్స్ కంపెనీ మోడెం పెట్టెలో ఉండే నోడ్ ‘లింక్ మేడ్’ అంటుంది. కుదరకపోతే ఒకటి ‘ఫెయిల్యూర్’ అంటుంది, ఇంకొకటి ‘బిజీ’ అంటుంది. నీ దారిలో ఉన్న మూడు నోడ్‌లలో ఏది ఏ మాట అంటుందో తెలియకుండా రాస్తే, చీకట్లో సూదిలో దారం ఎక్కించినట్టే. ఒక్క రోజు కాదు, మూడు నాలుగు రోజులు, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి చెయ్యి.

టైములు రాసుకోమన్నది ఊరికే కాదు. నీ ఫ్రాక్ (జవాబు కోసం ఆగే సమయం) 7 సెకన్లు, రీట్రైలు (మళ్లీ ప్రయత్నాలు) 10 అని పెట్టుకున్నావు, అంటే ఒక్క హాప్ (ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కి వెళ్లే మెట్టు) దగ్గర తేలడానికే 70 సెకన్లు పట్టొచ్చు, ఆ తర్వాత నోడ్‌లో వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. నీ స్క్రిప్ట్ అరవై సెకన్లకే విసుగొచ్చి మళ్లీ మొదటి నుంచి పిలవడం మొదలుపెడితే పాత పిలుపు ఇంకా గాలిలో ఉండగానే కొత్తది వెళ్తుంది. నీ లాగ్‌లో సరిగ్గా ఇదే జరిగింది, రెండు గంటల పదకొండు నిమిషాల దగ్గర చూడు.

ఇక దారి గురించి. దారిలోని స్టేషన్లని డిజిపీటర్లుగా వాడి నేరుగా నా బీబీఎస్‌కి (మెయిల్ దాచి అందించే స్టేషన్‌కి) వద్దామనుకున్నావు, లైన్లు తగ్గుతాయని. వద్దు. డిజిపీటర్ విన్నది విన్నట్టు తిరిగి పలుకుతుంది అంతే, అందింది అన్న కబురు మాత్రం చివరి స్టేషన్ నుంచి నీ దాకా రావాలి. ఒక్కో హాప్‌లో నూటికి ఎనభై ప్యాకెట్లు దాటుతాయనుకో, మూడు హాప్‌లు వెళ్లి మూడు హాప్‌లు తిరిగి రావడం అంటే 0.8ని ఆరుసార్లు గుణించాలి, నూటికి 26 మాత్రమే మిగులుతాయి. అదే నోడ్ నుంచి నోడ్‌కి వెళ్తే ఏ హాప్‌లో పోయింది ఆ హాప్‌లోనే మళ్లీ పంపుతారు, మిగతా దారి మీద బరువు పడదు. స్క్రిప్ట్ రెండు లైన్లు పెరిగినా పర్లేదు.

నోడ్‌ల పట్టికలో నా నోడ్ పేరు కనపడిందని ఆ పేరుతోనే పిలిచావు చూడు, అక్కడ కూడా జాగ్రత్త. 1987 నాటి నెట్/రామ్ పద్ధతిలో ప్రతి నోడూ తనకి తెలిసిన దారుల్ని ఎప్పటికప్పుడు చాటుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున బ్యాండ్ తెరుచుకుంటే రెండు వందల మైళ్ల అవతలి నోడ్ కూడా నీకు వినపడి పట్టికలోకి ఎక్కేస్తుంది. ఎండెక్కితే అది వినపడదు, పేరు మాత్రం ఉండిపోతుంది. పట్టికలో ఆ పేరుని ఎంతసేపు ఉంచాలో చెప్పే లెక్క ఆరు నుంచి మొదలై గంటకొకటి తగ్గుతూ ఉంటే, దాదాపు ఆరు గంటల పాటు లేని దారి ఉన్నట్టే చూపిస్తుంది. కాబట్టి స్క్రిప్ట్‌లో మొదటి హాప్‌కి పోర్ట్ నంబరూ (ఏ రేడియో మీద పిలవాలో), కాల్‌సైనూ (స్టేషన్‌కిచ్చిన గుర్తింపు పేరు) దాని చివరి అంకె ఎస్ఎస్ఐడీతో సహా విడిగా రాయి, తర్వాతి హాప్‌లూ అంతే. అమలాపురం నుంచి వచ్చేటప్పుడు మీ తాతయ్య రావులపాలెంలో దిగి, అక్కడ బస్సు ఉందో లేదో చూసుకుని ఎక్కేవారు కదా, అలాగన్నమాట.

ఇంకొకటి, ఇది నా అనుభవం. చాలా ఏళ్ల క్రితం నా నోడ్ స్వాగత వాక్యంలో అందంగా ఉంటుందని బాణం గుర్తు (>) పెట్టాను. బీబీఎస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు ప్రాంప్ట్, అంటే ‘ఇక నువ్వు చెప్పు’ అన్న సూచన, వచ్చిందనడానికి ఆ గుర్తే ఆనవాలు. పక్క ఊరి ఆయన స్క్రిప్ట్ దాన్ని చూసి బీబీఎస్ వచ్చేసిందనుకుని తప్పుడు చోట మెయిల్ ఇవ్వబోయేది. వారం రోజులు ఇద్దరం యాంటెనాలు తిప్పుతూ కూర్చున్నాం. నీ స్వాగతం ఒక్క లైనులో, గుర్తులేవీ లేకుండా ఉంచు. అవతలి వాళ్లది పెద్దదైతే నీ స్క్రిప్ట్‌లో పాజ్ పెట్టు, అది పూర్తిగా వచ్చేదాకా తర్వాతి లైను వెళ్లకూడదు.

రెండో దారి కావాలంటే ఎల్స్ లైను (మొదటిది కుదరకపోతే ఇటు వెళ్లు అని చెప్పేది) వాడు, కానీ ఒక్కటే. నాలుగు ఎల్స్‌లు పెట్టినవాళ్లని చూశాను, ఒక నోడ్ పాడైతే ఊరందరి నోడ్‌లనీ తట్టి వస్తుంది. ఎప్పుడు పిలవాలో చెప్పే టైమ్స్ లైనులో గంటలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, వేయాలి, మన గడియారం కాదు. గంటకోసారి పిలిచేటట్టయితే సరిగ్గా గంట కొట్టినప్పుడు కాకుండా పదిహేడో నిమిషమో ముప్పై నాలుగో నిమిషమో ఎంచుకో, ఎందుకంటే అందరి మెషిన్లూ గంట కొట్టగానే లేస్తాయి. ఇద్దరం ఒకరినొకరు పిలుచుకోవద్దు, నువ్వే పిలువు, రివర్స్ ఫార్వర్డింగ్‌లో నా దగ్గరున్నవి నీకు అదే కనెక్షన్ మీద వచ్చేస్తాయి.

పాస్‌వర్డ్ ఏదీ స్క్రిప్ట్‌లో పెట్టకు. ఇక్కడ అమెరికాలో హామ్ బ్యాండ్ల మీద అర్థం దాచే కోడ్ వాడటానికి ఎఫ్‌సీసీ (రేడియోల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) రూల్స్ ఒప్పుకోవు, అంటే నువ్వు పంపిన ప్రతి అక్షరం ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి నేను రేడియో దగ్గరే ఉంటాను. కొండ నోడ్ దాకా చేత్తో వచ్చి అక్కడ ఆగు, జవాబు కాపీ చేసుకుని నాకు ఫోన్ చెయ్యి. రెండో హాప్ ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా ఆటో ఫార్వర్డింగ్ ఆపే ఉంచు తల్లీ.

మీ పెదనాన్న