మా కాలువ పేరు కూడా రాయమనండి

తీరం ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తాళ్లరేవు మండలంలో మడ అడవి పక్కనున్న ఊరు. మా నాన్న కాలువల్లో మండపీతలు, కొయ్యింగలు పడతారు. నెల రోజులుగా కొందరు కుర్రాళ్లు ట్యాబులు పట్టుకుని వస్తున్నారు. కాకినాడ బేలోనూ గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గరా చేపలకు ముఖ్యమైన చోట్లన్నీ మ్యాప్ చేస్తారట. చేప పిల్లలు ఎక్కడ ఎక్కువ, ఏ నెలలో కనబడతాయి అని అడుగుతున్నారు. మా నాన్న నోరు విప్పడం లేదు. చెబితే రేపు అక్కడే బోర్డు పాతి వేట ఆపేస్తారని ఆయన టెన్షన్. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నాన్నను ఒప్పించమంటారా, వదిలేయమంటారా?

జవాబు: అమ్మా, మీ నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. కాగితం మీద గీత పడితే నీళ్ల మీద ఏం మారుతుందో మీ ఊళ్లో పెద్దవాళ్లకు అప్పటి నుంచీ అనుభవమే. కాబట్టి ఆయన్ను చాదస్తుడనుకోకు. అయినా ఒప్పించమనే చెబుతాను. పటంలో లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను కాబట్టి.

ఇరవై ఏళ్ల పైమాట. కాలువల సర్వే ఒకటి జరుగుతుంటే సాయం రమ్మన్నారు. మా కాలేజీ పిల్లలు ఆరుగుర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏప్రిల్ నెల, పాటు సమయం, అంటే పోటు తీసి నీళ్లు దిగే వేళ. ఒకచోట మడ చెట్ల మధ్యలోంచి బురద చారొకటి లోపలికి పోతోంది. మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. పడవ నడిపే ఆయన గెడ ఆపి, 'వానాకాలం పున్నమి పోటుకి ఇందులోకి పండుగప్ప పిల్లలు ఎక్కుతాయండీ' అన్నాడు. నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. పటం గీసేటప్పుడు మాత్రం, ఇంత సన్న చార ఈ కొలతలో పట్టదన్నారు. నేనూ సరేనన్నాను.

మూడేళ్లకు ఆ చారకు అడ్డంగా రోడ్డు గట్టు పడింది. అడుగున రెండు పైపులు పెట్టారు గానీ బురద మట్టానికి బాగా పైన పెట్టారు. పెద్ద పోటు వస్తే తప్ప నీళ్లు లోపలికి పోవు, పోయినవి తిరిగి రావు. లోపల నీళ్లు నిలవుండి నల్లబడ్డాయి. ఆ సెప్టెంబరులో వెళ్లి గట్టు బయటివైపు కూర్చుని దోసిలితో నీళ్లు తీశాను. దోసిట్లో ఐదారు పిల్లలు. వడ్లగింజ కంటే కాస్త పెద్దవి, గోధుమ రంగు మచ్చలతో, నుదుటి నుంచి వీపు దాకా ఒక తెల్లటి గీత. ఆ గీత చూస్తే చాలు, పండుగప్ప పిల్లని పోల్చుకోవచ్చు. గట్టు పొడుగునా అలా గుమిగూడి దారి వెతుక్కుంటున్నాయి. గట్టు కట్టించినవాళ్ల దగ్గరికి వెళితే మర్యాదగానే కూర్చోబెట్టి, 'మీ పటంలో ఇక్కడ కాలువ లేదు కదండీ' అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

చేప దొరికే చోటు, చేప పెరిగే చోటు ఒకటి కాదమ్మా. తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాలు తిరిగేసరికి పిల్లలు పోటు నీటితో మొగ దాటి లోపలికి వస్తాయి. కాలువల్లో కొన్ని నెలలు పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. అక్కడ బోటువాళ్ల వలలో పడే రొయ్య మీ కాలువలో పెరిగి పోయినదే. పండుగప్పది ఇంకో తీరు. మొగ దగ్గర ఉప్పు నీటిలో పుడుతుంది, పిల్లగా కాలువల్లోకి, ఇంకొంచెం పెరిగాక మంచినీళ్లలోకి ఎక్కుతుంది, ఈడు వచ్చాక గుడ్ల కాలానికి మళ్లీ మొగకు దిగుతుంది. మొదట మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే ఈ దారిలో ఎక్కడ తెగినా గుడ్లు పెట్టే తల్లులే తగ్గిపోతాయి.

పోటు మీద చిన్న చేపలన్నీ నల్లమడ వేళ్ల మధ్యకు చేరతాయి. పెద్ద చేప అక్కడికి దూరలేదు, తిండి బోలెడు. సరే, పాటు తీశాక? ఆ వేళ్లన్నీ గాలికి తేలిపోతాయి కదా. అప్పుడవి కాలువ మలుపుల్లో నీళ్లు ఇంకని మడుగుల్లోకి దిగి, మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే తలదాచుకుంటాయి. అడవి ఎంత పచ్చగా ఉన్నా ఆ మడుగు పూడిందా, ఆ కాలువలో పిల్లలకు రోజుకు రెండుసార్లు గండమే. పటాలు గీసేవాళ్లు అడవికి పచ్చ రంగు వేసి వదిలేస్తే నాకు కోపం వచ్చేది అందుకే. ఆ మడుగులు ఎక్కడున్నాయో పాటులో పడవ నడిపేవాళ్లకు కంఠతా వచ్చు.

అమెరికాలో 1996లోనే దీనికి చట్టం తెచ్చారు. చేప గుడ్లు పెట్టడానికి, తినడానికి, పెరగడానికి తప్పనిసరైన నీటినీ నేలనూ గుర్తించి తీరాలన్నారు. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. ఇక్కడ చేప కనిపించింది అనడం మొదటి మెట్టు మాత్రమే. ఎన్ని ఉన్నాయి, ఇక్కడ ఎంత బాగా పెరుగుతున్నాయి, చివరికి ఈ చోటు ఎంత చేపను ఇస్తోంది అన్నవి పై మెట్లు. మీ ఊరికి వచ్చిన కుర్రాళ్లను అడుగు, మీరు ఏ మెట్టు దాకా వెళతారని. ఒక్కసారి వచ్చి పోతే మొదటి మెట్టు దాటలేరు.

కాలం సంగతీ అడుగు. మే నెలలో ఒక కాలువ నీటి చుక్కను ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద వేసి చూస్తే ఉప్పు వెయ్యికి 30 పాళ్లు దాటి, ఇంచుమించు సముద్రమంత ఉంటుంది. ఆగస్టులో గోదావరి పాయ గౌతమికి వరద ఎర్రనీరు తగిలాక అదే చోట నోట్లో పోసుకున్నా ఉప్పు తగలదు. అక్కడుండే జీవాలూ మారిపోతాయి. ఎండాకాలం ఒకసారి, వరద మీద ఒకసారి, వరద తీశాక శీతాకాలంలో ఒకసారి చూడాలి. అమావాస్య, పున్నమి పోటుల్లో చూడాలి, అష్టమి నాటి చిన్న పోటులోనూ చూడాలి. పగలే కాదు, రాత్రి కూడా వల వేసి చూడాలి. రొయ్య పిల్లల రాకపోకలు ఎక్కువగా చీకట్లోనే. ఇదంతా చేస్తే ఒక ఏడాది పని. పది రోజుల్లో ముగిస్తామంటే నమ్మకు.

ఇంకో మాట. ఆ కుర్రాళ్లు మీ నాన్నను అడిగారు, మీ అమ్మమ్మను అడిగారా? టైగర్ రొయ్య చెరువులు కొత్తగా వచ్చిన కాలంలో, ఇంకా హేచరీలు చాలినన్ని లేనప్పుడు, ఈ కాలువల్లో సీడు, అంటే చెరువుల్లో వేసే రొయ్య పిల్లల్ని, పట్టింది చాలావరకు ఆడవాళ్లు, పిల్లలే. నడుం లోతు నీళ్లలో దోమతెర గుడ్డతో చేసిన వల ఈడ్చి, తెల్ల పళ్లెంలో కుమ్మరించి, అందులోంచి అరంగుళం పుల్లముక్కల్లాంటి గోధుమ రంగు పిల్లల్ని గుల్ల చెంచాతో ఏరేవాళ్లు. మిగిలిన చేప పిల్లలన్నీ ఒడ్డున ఇసుకపాలు. ఆ పళ్లెంలోకి నేనూ వంగి చూశాను. పది టైగర్ పిల్లలకు లెక్కపెట్టలేనన్ని వేరే పిల్లలు గిలగిలా కొట్టుకుంటుండేవి. జరిగిన నష్టం నష్టమే. కానీ ఏ మలుపులో, ఏ పోటుకి, ఏ పిల్ల దొరుకుతుందో ఆ ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ శాస్త్రవేత్తకూ తెలీదు. వాళ్లిప్పుడు అరవై దాటారు. ముందు వాళ్ల దగ్గర కూర్చోమను.

ఇక మీ నాన్నగారి అసలు ప్రశ్న, వేట ఆపేస్తారా అని. తీర ప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలున్నాయి, సీఆర్‌జెడ్ అంటారే, అవి. 2011 నోటిఫికేషన్‌లో కోరంగి, తూర్పు గోదావరి, కృష్ణా తీరాలను దేశంలో అతి సున్నితమైన తీరాల జాబితాలో చేర్చారు. తీర పటాల్లో చేపలు గుడ్లు పెట్టే చోట్లు, వేట సాగే నీళ్లు స్పష్టంగా గుర్తించాలని కూడా అందులోనే ఉంది. ఆ నిబంధనలు అడ్డుకునేది ముఖ్యంగా కట్టడాల్ని, పూడ్చివేతల్ని. మీ నాన్నగారి చేతి వలను కాదు. అభయారణ్యం హద్దు లోపల మాత్రం అటవీ చట్టాలు వేరే. వాటిని వీటితో కలిపి మాట్లాడేవాళ్లను అక్కడికక్కడే ఆపి అడగాలి, ఏ చట్టం గురించి చెబుతున్నారని.

మీ నాన్నగారిని చెప్పనివ్వు. కానీ ఊరివాళ్లు ముందే కూర్చుని కొన్ని మాటలు తీసుకోండి. పిల్లలు పెరిగే చోటుతో పాటు అక్కడ ఎవరు, ఏ వలతో, ఏ నెలలో వేటాడతారో కూడా అదే పటంలో రాయాలి. రేపెవరైనా ఇక్కడ వేటే లేదంటే చూపించడానికి అదే ఆధారం. అందరికీ పంచే పటంలో మడుగుల్ని చుక్కలుగా కాకుండా ప్రాంతంగా చూపించాలి. లేకపోతే ఫోన్లో లొకేషన్ పెట్టుకుని సన్నకన్ను వలలు వేసుకుని ఎక్కడెక్కడి వాళ్లో దిగుతారు. ముసాయిదా తెలుగులో అచ్చు వేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, రామాలయం దగ్గర ఒక సాయంత్రం చదివి వినిపించాలి, తప్పులుంటే దిద్దాలి.

చివరగా పేర్లు. కోరంగి, గాడేరు పటాల్లో ఎలాగూ ఉంటాయి. వాటిలోంచి చీలే పిల్లకాలువల పేర్లు మీ నాన్నగారి నోట్లోనే ఉన్నాయి. 'కాలువ 14' అని రాసిన దాన్ని పూడ్చడం తేలిక. ఆయన చెబుతుంటే నువ్వే రాయి. నీ చేతిరాతతో, తెలుగులో.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు యానాం. ఉపగ్రహ చిత్రాలు ఇంత బాగా వస్తుండగా ఇంకా బురదలో దిగి కొలవడం దేనికి సార్? సముద్ర సమాచారం ఇచ్చే మన ఇన్‌కాయిస్ సంస్థ వాళ్లు చేపలు ఎక్కడున్నాయో రోజూ చెబుతున్నారు కదా?

జవాబు: బాబూ, మీరుండే హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ చెప్పేది బయటి సముద్రం సంగతి. నీటి పైపొర వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహం నుంచి చూసి, ఫలానా చోట చేప గుంపు ఉండే వీలుందని జాలర్లకు సూచన ఇస్తారు. డీజిల్ ఖర్చు తగ్గించే మంచి పని అది. బే లోపల కథ వేరు. గోదావరి ఒండ్రు కలిసిన నీటిలో ఉపగ్రహానికి అడుగు కనబడదు. అడుగున మెత్తటి బురదా, ఇసుకా, గుల్లల పరుపా తెలియాలంటే చెయ్యి పెట్టాల్సిందే. కాకినాడ బేలో కోస్తే ఎర్రగా ఉండే బుడిత గుల్లలు ఆ బురదలోనే బతుకుతాయి, ఏ చిత్రంలోనూ కనబడవు.

మడ అడవి ఎంత పెరిగింది, ఇసుక మేట ఎటు జరిగింది చూడటానికి మాత్రం ఉపగ్రహాన్ని మించింది లేదు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ దాదాపు 16 కిలోమీటర్లు. దాని చాటునే బే ప్రశాంతంగా ఉంది, ఆ ప్రశాంతతలోనే పిల్లలు పెరుగుతున్నాయి. ఆ దిబ్బ కొస ఏటా ఎలా మారుతోందో మీలాంటివాళ్లు ఇంట్లో కూర్చునే గీయగలరు. పాత చిత్రాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. ఒక్క జాగ్రత్త, ప్రతి చిత్రం తీసిన వేళకు పోటా పాటా చూసుకోండి. లేకపోతే నీళ్లు దిగినప్పుడు తేలిన బురదను కొత్త భూమి అనుకుంటారు. మీ యానాం పుదుచ్చేరి కింద, అవతలి గట్టు ఆంధ్ర కింద. పటం అక్కడ ఆగకుండా చూడండి.

ప్రశ్న: రాజమండ్రి నుంచి రాస్తున్నాను. పులసకు కూడా ఇలాంటి పటం గీస్తే బాగుండును కదండీ? ఏటికేడు తగ్గిపోతోందని బెంగగా ఉంది.

జవాబు: అయ్యా, మీ బెంగే నాదీ. పులసకు చోటు అంటే ఒక గుంట కాదు, ఒక దారి. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద మీద ఎర్రనీరు సముద్రంలో కలిశాక ఆ నీటి వెంట ఎదురీది, గుడ్లు పెట్టడానికి పైకొస్తేనే పులస. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఆ దారికి అక్కడ అడ్డం ఉంది. కాబట్టి మొగ నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న నీళ్లే దానికి మిగిలాయి. మొగలో ఇసుక మేట ఎక్కడ వేసింది, లోతు ఎంత, వరద నీరు ఎప్పుడు వదిలారు, ఈ మూడూ లేకుండా పులస పటం గీయలేం.

మీరు నది ఒడ్డునే ఉన్నారు కాబట్టి ఒక పని చేయగలరు. ఎర్రనీరు మీ రేవుకు వచ్చిన తేదీ, మీ బజారులో మొదటి పులస కనిపించిన తేదీ, అది ఎక్కడ పడిందని అమ్మినామె చెప్పిందో ఆ ఊరి పేరు మీ ఇంటి క్యాలెండర్ మీద రాయండి. కడుపులో జన, అంటే గుడ్లు, ఉందో లేదో కూడా అడిగి రాయండి. డిసెంబరులో ఆ క్యాలెండర్ పారేయకుండా నాకు పంపండి. పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.