పెరట్లో ముసలి చెట్లు: రంపం పట్టేముందు

ఇంగ్లండ్‌లో ఇల్లు కొని తాళాలు చేతికొచ్చిన మన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "పెరడంతా ముసలి చెట్లేనండీ, కొట్టించేసి కొత్త మొక్కలు పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. కానీ వీలైతే ఒక ఏడాది ఆగండి. జనవరిలో ఎండిపోయినట్టు కనిపించే చెట్టు ఏప్రిల్‌లో నిండా పూయొచ్చు. అంతవరకు ఆగలేకపోతే సన్నకొమ్మ బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే కొమ్మకు ప్రాణం ఉన్నట్టే.

మన స్థలంలో ఉంది కాబట్టి మన ఇష్టం అనుకోవద్దు. కొన్ని చెట్ల మీద కౌన్సిల్ (అంటే మన మునిసిపాలిటీలాంటిది) 'ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్' అనే రక్షణ ఉత్తర్వు పెట్టి ఉంటుంది. అలాంటి చెట్టుకు అనుమతి లేకుండా కొమ్మ కూడా కొట్టకూడదు. మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపం చెడకుండా కౌన్సిల్ కాపాడే ప్రాంతంలో ఉంటే, మీటరున్నర ఎత్తు దగ్గర మాను అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టుకు ఆరు వారాల ముందే కౌన్సిల్‌కు తెలపాలి. అంటే మణికట్టు కన్నా కాస్త లావున్న చెట్టుకు కూడా అన్నమాట. తెలియక కొట్టించామంటే కోర్టు వినదు. ఒక్క ఈమెయిల్‌తో తేలే విషయానికి ఆ టెన్షన్ ఎందుకు?

మార్చి నుంచి ఆగస్టు వరకు పక్షులు గూళ్లు కడతాయి. పక్షులున్న గూటిని పాడుచేయడం 1981 నాటి చట్టం ప్రకారం నేరం. ఆకు రాలాక పని పెట్టుకోవడం అన్నివిధాలా మేలు. రెండిళ్ల సరిహద్దు మీది చెట్టయితే పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి.

అందరూ మరిచిపోయేది మట్టి లోపలి సంగతి. లండన్ చుట్టుపక్కల చాలాచోట్ల బంకమట్టి. ఇంటికి దగ్గరగా ఉన్న పెద్దచెట్టు ఏళ్ల తరబడి ఆ మట్టిలో నీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది. దాన్ని కొట్టేస్తే మట్టి మళ్లీ నీళ్లు పట్టి ఉబ్బి, పునాదిని పైకి నెట్టొచ్చు. ఇంటికన్నా ముందునుంచీ ఉన్న చెట్టయితే మరీ జాగ్రత్త. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగకుండా దాని జోలికి పోకండి.

పనివాళ్లను పిలిచేటప్పుడు వాళ్ల ఇన్సూరెన్స్ కాగితం చూడండి. మొద్దు తీయడం, కట్టెలు తీసుకెళ్లడం కూడా కొటేషన్‌లో రాయించుకోండి. లేలాండీ (ఇక్కడ కంచెగా పెంచే సూదాకుల చెట్టు) మొద్దు వదిలేసినా మళ్లీ చిగురించదు. ప్లమ్, చెర్రీ అలా కాదు, వేళ్ల నుంచి పిలకలు పెడుతూనే ఉంటాయి. మొద్దు మొదట్లో బెరడు ఒలిచి చూడండి. తడిసిన తెల్లకాగితంలాంటి పొర ఉండి గుప్పున పుట్టగొడుగుల వాసన వస్తే హనీ ఫంగస్ అని, అంటే వేళ్లను కుళ్లబెట్టి చెట్టును చంపే బూజు అని అనుమానించాలి. దానికి మందు లేదు. మొద్దును, వేళ్లను వీలైనంత మేర తవ్వి బయట పారేయించాలి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మా పెరట్లోని ముసలి యాపిల్ చెట్టు తీయించి, అదే గుంటలో కొత్త యాపిల్ నాటాను. రెండు వేసవులు నీళ్లు పోశాను, ఎరువు వేశాను. జానెడు కూడా పెరగలేదు. చివరికి పట్టుకుని లాగితే ఒంటిచేత్తో ఊడొచ్చింది. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఎన్ని వేళ్లున్నాయో అన్నే ఉన్నాయి, కొత్తగా ఒక్క తెల్లవేరు లేదు. ఆ పిల్లచెట్టును చేతిలో పట్టుకుంటే మనసు చివుక్కుమంది. దీన్ని ఇక్కడ రీప్లాంట్ డిసీజ్ అంటారు. యాపిల్ తీసినచోట యాపిల్, గులాబీ తీసినచోట గులాబీ పెడితే వచ్చే తంటా ఇది.

కాబట్టి చోటు మార్చండి. మొద్దును పిండిచేసే గ్రైండర్ మిషను వదిలిన చెక్కపొట్టును గుంటలో కలపకండి, అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేస్తుంది. జబ్బులేని చెట్టుదైతే పైన పరచండి. నవంబరు నుంచి మార్చి దాకా కుండీ లేకుండా ఉత్తి వేళ్లతో అమ్మే మొక్కలు దొరుకుతాయి. నేను రెండోసారి అలాంటి యాపిల్‌నే తెచ్చి, పాతచోటుకు పది అడుగులు ఎడంగా నాటాను. మే నెలకల్లా ప్రతి కొమ్మ చివరా లేతాకు కనిపించింది.